యాప్ సంగతి తర్వాత, ముందు ఆ గోలీల సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 29 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమాస్తా. నాలుగు నెలల కింద బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఇప్పుడు ధ్యాస నిలవట్లేదు, లెక్కలు తప్పుతున్నాడు. మత్తుగా ఉంటోందని ఫిట్స్ గోలీలు రెండు వారాల కింద మానేశాడు. నిద్రకు మెడికల్ షాపులో ఏదో గోలీ తెచ్చుకుంటున్నాడు. అప్పుడప్పుడు తలనొప్పి అంటాడు. ఏకాగ్రత పెంచే యాప్ కొనమంటారా?
– ఒక సోదరి, పరకాల

జవాబు: అమ్మా, ఫిట్స్ గోలీలు మానేశాడని మామూలుగా రాసేశారు. నాకు భయం వేసింది అక్కడే. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. బైకు మీద ఉండగా వస్తే? మత్తుగా ఉంటే డోసు తగ్గిస్తాం, మందు మారుస్తాం, అవసరం లేదనుకుంటే మెల్లగా ఆపుతాం. అది రాసిచ్చిన డాక్టరు చేయాల్సిన పని. ఈరోజే ఆయనకు ఫోన్ చేయండి. పాత గోలీలు మీ అంతట మీరే మళ్లీ మొదలుపెట్టకండి. బైకు తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

నిద్ర గోలీ పేరు రాయలేదు. ఓపీలో రోజూ చూస్తున్నా, పట్టీ కత్తిరించి కాగితంలో చుట్టిచ్చిన పొట్లం జేబులోంచి తీసి ‘ఇదే సార్’ అంటారు. అదేం మందో నాకెట్లా తెలుస్తుంది? చాలా నిద్ర గోలీల మత్తు పొద్దునకు కూడా వదలదు. లెక్కలు తప్పడానికి అదీ ఒక కారణం కావచ్చు. రోజూ వాడుతుంటే దాన్ని కూడా ఒక్కసారిగా ఆపకూడదు. చదువుకున్నవాళ్లు, మీరైనా ముందే అడగాల్సింది.

తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి అయినా సరే, దగ్గర్లో సీటీ స్కాన్ ఉన్న ఏ ఆస్పత్రయినా సరే. దెబ్బ తగిలిన వారాల తర్వాత కూడా తలలో నెమ్మదిగా రక్తం చేరవచ్చు.

ఇక యాప్. వాడితే తప్పు లేదు. అయితే సాధన చేసిన ఆటలో స్కోరు పెరిగినంతగా బయటి పనిలో మార్పు కనబడదు. డబ్బు కట్టే ముందు న్యూరోసైకాలజిస్టుతో, అంటే ధ్యాస, జ్ఞాపకం ఎట్లా ఉన్నాయో పరీక్షించే నిపుణులతో పరీక్ష చేయించండి. కంప్యూటర్ సాధన అవసరమైతే వాళ్లే చెప్తారు, దాన్ని అతని పనికి ముడిపెడతారు. బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఈ సేవలున్నాయి. ఈలోగా రైతుకిచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ రాసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టమనండి. ఒక రైతు బస్తాలు, తూకం, ధర పైకి చదివి టిక్ పెట్టాకే ఇంకో రైతు లెక్క ముట్టుకోవాలి. మధ్యమధ్యలో కాసేపు ఆగాలి. ఇది బద్ధకం కాదు, దెబ్బ వల్ల వచ్చిందేనని సేటుకు కూడా చెప్పండి.

మనిషిని చూడకుండా ఇంతకంటే చెప్పలేను. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్ ఫిల్ములు, అన్ని గోలీల పట్టీలు పట్టుకెళ్లండి. అక్కడ చెప్పింది అతనికి సగమే గుర్తుంటుంది, మీరూ పక్కన కూర్చోండి.