కామా పెట్టే ముందు

అమ్మడూ,

కంపెనీ రూల్సూ సర్క్యులర్లూ ఇంగ్లీషులో రాసే ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషమో అంత టెన్షన్ కూడా పట్టుకుంది. నీ ఇంగ్లీషు మీద నాకు అనుమానం లేదు. కానీ ఇకమీద నువ్వు రాసే వాక్యాన్ని బట్టి ఇంకొకరి జీతం ఉంటుంది. ఇన్నేళ్లూ అలాంటి కాగితాల మధ్యే పనిచేసినవాణ్ని, నాకు ముందు ఆ భయమే వస్తుంది.

స్పెల్లింగులు కంప్యూటర్ చూసుకుంటుంది. వాక్యాలు చిన్నవిగా రాయి.

అసలు సంగతి ఏ మాట ఎక్కడ పెట్టాలన్నది. తెలుగులో విభక్తులు ఉంటాయి కాబట్టి మాటలు కాస్త అటూ ఇటూ జరిగినా అర్థం నిలబడుతుంది. ఇంగ్లీషులో చాలాసార్లు మాట ఉన్న చోటును బట్టే అర్థం. 'ఓన్లీ ద మేనేజర్ సైన్డ్ ద లెటర్' అంటే ఇంకెవరూ సంతకం పెట్టలేదని. 'ద మేనేజర్ సైన్డ్ ఓన్లీ ద లెటర్' అంటే మిగతా కాగితాల మీద పెట్టలేదని. 'ఆఫ్టర్ రీడింగ్ ద రిపోర్ట్, ద సాలరీస్ వర్ రివైజ్డ్' అని ఎప్పుడూ రాయకు. రిపోర్టు చదివింది జీతాలా? కామా తర్వాత చదివిన మనిషి రావాలి. పెద్ద పెద్ద ఆఫీసర్ల ఉత్తరాల్లో ఇది చూసిన ప్రతిసారీ నాకు కోపం వచ్చేది.

ఊపిరి తీసుకునే చోటల్లా కామా పెట్టడం నీకు చిన్నప్పటి అలవాటు. మానుకో తల్లీ. 'ఎంప్లాయీస్ హూ జాయిన్డ్ ఇన్ జూన్ విల్ గెట్ ద బోనస్' అంటే జూన్‌లో చేరినవాళ్లకే బోనస్. హూకి ముందొకటి, జూన్ తర్వాత ఒకటి కామా పెట్టావంటే, ఉద్యోగులంతా జూన్‌లోనే చేరారు, అందరికీ బోనస్ అని అర్థం.

అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రంలో జరిగింది నీకు చెప్పాలి. ఏయే పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో అక్కడి చట్టంలో ఒక జాబితా ఉండేది. దాని చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని రాశారు. ఆర్‌కి ముందు కామా లేదు. డిస్ట్రిబ్యూషన్ వేరే పని, మీరు చేసేది అదే, కాబట్టి ఓవర్‌టైమ్ రాదని తన డ్రైవర్లతో అంది ఒక పాల కంపెనీ. అక్కడున్నది ప్యాకింగ్ ఒక్కటే, దేనికోసం చేసినా ప్యాకింగే, మేం ప్యాక్ చేయం, బండ్లు నడుపుతాం అన్నారు డ్రైవర్లు. కింది కోర్టులో ఓడిపోయారు. 2017లో అప్పీల్ కోర్టు ఆ వాక్యాన్ని రెండు రకాలుగానూ చదవొచ్చనీ, అలాంటప్పుడు కార్మికులకు మేలు జరిగేలా చదవాలనీ చెప్పింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ కామా ఎవరో మర్చిపోతే పోయింది కాదు. అక్కడ చట్టాలు రాసేవాళ్ల మాన్యువలే అలాంటి చోట కామా వద్దనేది! అందుకే రూల్ ప్రకారం రాశాను కదా అని ఊరుకోకు. ఎదుటివాడు ఇంకోలా చదవగలడా అని చూడు. చదవగలిగితే వాక్యాన్నే మార్చెయ్. వాళ్లు కూడా చివరికి ఆ జాబితాను సెమీకోలన్లతో తిరగరాశారు.

ఆ డ్రైవర్ల గురించి చదువుతుంటే, మా ఆఫీసు నోటీసు బోర్డు ముందు నిలబడి ఒకరికొకరు చదివి చెప్పుకునేవాళ్లే గుర్తొచ్చారు. 'ఇందులో మేమున్నామా సార్?' అని నన్ను అడిగేవాళ్లు. నువ్వు రాసేవాటిని చదివేది కూడా అలాంటివాళ్లే.

మొదటి సర్క్యులర్ రాశాక, బయటివాళ్లకు చూపించొచ్చని మీ ఆఫీసులో ఒప్పుకుంటే, నాకోసారి పంపు. ఫోన్‌లో చదివి వినిపించకు, కామాలు వినపడవు. ఎంత రాత్రయినా చూసి పెడతాను. వేళకు తిను.

నీ పెదనాన్న