చి. అమ్మలుకు, రిలే పరీక్షకు బయలుదేరే ముందు

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

కొత్త 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో 11 కేవీ ఫీడర్ల (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్ల) ఓవర్‌కరెంట్ రిలేలను, అంటే కరెంటు హద్దు మీరితే బ్రేకర్‌ను తెరిపించే పరికరాలను, బిగించి, పరీక్షించి, ఛార్జింగ్‌కు (లైన్‌లోకి కరెంటు ఇవ్వడానికి) సిద్ధం చేసే పని పూర్తిగా నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వెంటనే మీ పెద్దమ్మను పిలిచి గర్వంగా చెప్పుకున్నాను గానీ, రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నువ్వు స్విచ్‌యార్డ్‌లో తిరుగుతావన్నది మీ నాన్న భయం. నీ జాగ్రత్త నాకు తెలుసు కనుక ఆ భయం నాకు అంతగా లేదు. నువ్వు సంతకం పెట్టి వచ్చేసిన తరువాత, ఎప్పుడో ఒక వానాకాలపు తెల్లవారుజామున పొలంలో తీగ తెగిపడితే, ఆ రిలే బ్రేకర్‌ను తెరుస్తుందా లేదా అన్నదే నా భయం. మీటర్లనూ రిలేలనూ పరీక్షించే ఎంఆర్‌టీ విభాగంలో ఉద్యోగం చేసినంతకాలం ఆ ఆలోచన నన్ను వదలలేదు. అందుకే ఫోన్‌లో చెప్పి ఊరుకోక ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవాటిని క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. లైన్ ఆపారన్న అనుమతి, అదే ఎల్‌సీ, చేతికి రానిదే పనికి చెయ్యి వేయవద్దు, ఎర్తింగ్‌ను నీ కళ్లముందే వేయించు. రిలే బాడీకి ఎర్తింగ్ మరవకు. ప్రతి తీగ కొసన ఉన్న ఫెర్రూల్ నంబరునూ డ్రాయింగ్‌తో సరిపోల్చి, ప్రతి లగ్గునూ చేత్తో లాగి చూడు. 500 వోల్టుల మెగ్గర్‌తో వైరింగ్ ఇన్సులేషన్‌ను పరీక్షించేటప్పుడు న్యూమరికల్ (ప్రాసెసర్‌తో నడిచే) రిలేను సర్క్యూట్ నుంచి విడదీసి ఉంచు. సీటీ అంటే లైన్ కరెంటును (ప్రైమరీ) చిన్నదిగా చేసి రిలేకు (సెకండరీ) అందించే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ కదా, దాని సెకండరీకి ఎర్తింగ్ ఒక్కచోటనే ఉండాలి. ప్రైమరీలో కరెంటు పారుతుండగా సీటీ సెకండరీ తెరుచుకుంటే అక్కడ పుట్టే వోల్టేజీ ప్రాణం తీయగలదు కాబట్టి, ఛార్జింగ్ తరువాత ఎవరు ఎంత తొందరపెట్టినా సీటీ తీగను ఊడదీయవద్దు.

సెట్టింగుల కాగితం చేతికి రాగానే రిలేలోకి ఎక్కించకుండా, ముందు నువ్వే ఒకసారి లెక్క కట్టు. అక్కడ ఉన్నది 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అన్నాడు మీ నాన్న. దాని 11 కేవీ వైపు పూర్తి లోడు కరెంటు 262 ఆంపియర్లు. ఇంపెడెన్స్ 7.15 శాతం అయితే, సబ్‌స్టేషన్ దగ్గర ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్) కరెంటు సుమారు 3,670 ఆంపియర్లు వస్తుంది, పైనున్న వ్యవస్థ ఇంపెడెన్స్ దాన్ని ఇంకా తగ్గిస్తుంది కనుక మన లెక్కకు 3,600 అనుకుందాం. ఫీడర్ సీటీ 200/1 (లైన్‌లో 200 ఆంపియర్లకు రిలే వైపు ఒకటి), సెట్టింగు నూరు శాతం అనుకుంటే పీఎస్ఎం, అంటే సెట్టింగుకు ఫాల్ట్ కరెంటు ఎన్ని రెట్లో ఆ అంకె, 18 అవుతుంది. కరెంటు పెరిగేకొద్దీ సమయం తగ్గే ఐఈసీ నార్మల్ ఇన్వర్స్ సూత్రం ప్రకారం 18ని 0.02 ఘాతానికి తీసుకొని, అందులోంచి ఒకటి తీసివేసి, వచ్చినదానితో 0.14ను భాగించి టీఎంఎస్‌తో (రిలే ఆలస్యాన్ని పెంచి తగ్గించే సెట్టింగుతో) గుణిస్తే, టీఎంఎస్ 0.1కి ఫీడర్ రిలే సమయం సుమారు 0.235 సెకన్లు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌వీ (11 కేవీ) వైపు సీటీ 300/1, టీఎంఎస్ 0.2 ఉంటే అదే ఫాల్ట్‌కు అక్కడి రిలే 0.55 సెకన్లు తీసుకుంటుంది. రెండింటి మధ్య మిగిలిన 0.3 సెకన్ల పైచిలుకు సమయంలోనే ఫీడర్ బ్రేకర్ తెరుచుకోవాలి, ఆర్క్ ఆరిపోవాలి, రెండు రిలేల పొరపాట్లూ ఇమడాలి. మా కాలపు డిస్క్ తిరిగే సీడీజీ రిలేలకు మేము 0.4 సెకన్లు వదిలేవాళ్లం, ఎందుకంటే కరెంటు ఆగిపోయాక కూడా వాటి అల్యూమినియం డిస్క్ ఊపు మీద కొంతదూరం తిరిగేది. అద్దం వెనుక ఆ డిస్క్ కదలడం మొదలుపెట్టి, నింపాదిగా తిరిగి కాంటాక్టును తాకే క్షణాన్ని స్టాప్‌క్లాక్ పట్టుకొని చూడటం నాకు ఉద్యోగంలోకెల్లా ఇష్టమైన పని. కళ్లకు కనబడే ఆ కదలిక మీ తరానికి లేదని నాకు కొంచెం బాధగానే ఉంటుంది.

సీటీల దగ్గర మాత్రం తొందరపడకు. ఒకే సీటీలో మీటరుకు ఒక కోర్, రక్షణకు ఒక కోర్ ఉంటాయి. మీటరు కోర్ ఫాల్ట్ కరెంటుకు త్వరగా సాచురేట్ కావాలనే, అంటే ఆ పైన కరెంటును దామాషాగా అందించకూడదనే, ఉద్దేశంతోనే తయారవుతుంది. రిలేను పొరపాటున దానికి కలిపితే మామూలు రోజుల్లో అంతా సవ్యంగానే కనిపించి, ఫాల్ట్ వచ్చిన రోజున రిలేకు రావలసిన కరెంటు రాదు. అందుకని నేమ్‌ప్లేట్ చదివి, 5పీ20 (రేటింగుకు 20 రెట్ల కరెంటు దాకా నమ్మదగినది) అని ఉన్న కోర్ తీగలే రిలేకు వచ్చాయని సీటీ టెర్మినల్ పెట్టె దాకా వెళ్లి చూడు. అక్కడ 5పీ10 ఉంటే పైవాళ్లను అడుగు, ఎందుకంటే మన లెక్కలో ఫాల్ట్ కరెంటు సీటీ రేటింగుకు 18 రెట్లు. 400-200/1 అని రెండు ట్యాపులున్న సీటీ అయితే, ఏ ట్యాపు మీద తీగ ఉందో చూడకుండా రిలేలో నిష్పత్తిని రాయవద్దు. 200 ఆంపియర్లకు కదలవలసిన రిలే 400 దాకా కదలకుండా కూర్చోవడానికి ఆ ఒక్క స్క్రూ చాలు.

సెకండరీ ఇంజెక్షన్, అంటే పరీక్ష పెట్టెతో నేరుగా రిలేకే కరెంటు పంపడం, నీకు కొత్త కాదు. టీఎంఎస్‌ను 1.0 మీద పెట్టినప్పుడు రెండు రెట్లకు 10.03, ఐదు రెట్లకు 4.28, పది రెట్లకు 2.97 సెకన్లు రావాలన్నది గుర్తుంచుకుంటే, అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. ఒక్క ఫేజులోనే కరెంటు పంపితే రిలేలో నేలకు పోయే కరెంటును పట్టే భాగం, అదే ఎర్త్‌ఫాల్ట్ ఎలిమెంట్, ముందుగా పనిచేసి పరీక్షను చెడగొడుతుంది కనుక, దాన్ని కొంతసేపు ఆపి ఉంచడం అందరూ చేసేదే. నన్ను భయపెట్టేది ఆ కొంతసేపే. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు, ఇప్పటి రిలేలు తమను తామే పరీక్షించుకుంటాయి పెదనాన్నా, అని తేలిగ్గా అనేశావు. ఆ మాట నాకు నచ్చలేదు, అప్పుడు నలుగురిలో చెప్పలేక ఊరుకున్నాను. రిలే తన మెమరీనీ ప్రాసెసర్‌నూ తాను చూసుకుంటుంది. నువ్వు ఆపి ఉంచిన ఎలిమెంట్‌ను మరచిపోయి అలాగే వదిలేశావో, కావాలనే వదిలేశావో దానికి తెలియదు. బయట తన దాకా కరెంటు రాకుండా ఎవరైనా అడ్డు పెడితే, లోడు లేదనే అనుకుంటుంది.

1990ల మొదట్లో గోదావరి డెల్టాలోని ఒక సబ్‌స్టేషన్‌లో జరిగినదాన్ని నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఈ విద్య నేర్పినవారిలో ఒకరైన పెద్దాయన అక్కడ ఒక ఫీడర్ రిలేను పరీక్షించారు. ఆయన పద్ధతిలో లోపమేమీ లేదు. సీటీ తీగలు రిలేకు వెళ్లే ముందు కలిసే టెస్ట్ టెర్మినల్ బ్లాక్‌లో సీటీ వైపు మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి షార్ట్ చేశారు, లింకులు తెరిచారు, రిలే వైపు నుంచి కరెంటు పంపారు. పికప్ (రిలే కదలడం మొదలయ్యే కరెంటు) సరిగ్గా ఉంది, సమయాలు వక్రరేఖ మీద కూర్చున్నాయి, బ్రేకర్ ట్రిప్ అయింది. సాయంత్రం అవుతోంది, ఊళ్లకు కరెంటు ఇవ్వాలని ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. ఆయన లింకులు మూసి, ప్యానెల్ తలుపు వేసి, ఫీడర్‌ను ఛార్జ్ చేయించారు. సీటీ వైపు పెట్టిన షార్టింగ్ పట్టీ మాత్రం అక్కడే ఉండిపోయింది.

దీన్ని ఎవరూ ఎందుకు గమనించలేదో నువ్వు బాగా అర్థం చేసుకోవాలి. ఒక్క ఫేజు మాత్రమే షార్ట్ అయి ఉంటే, మిగతా రెండు ఫేజుల కరెంటు రెసిడ్యువల్ (న్యూట్రల్) దారిలో పారి, లోడు ఎక్కిన కొద్దిసేపటికే ఎర్త్‌ఫాల్ట్ రిలే ట్రిప్ ఇచ్చి తప్పు ఆ సాయంత్రమే బయటపడేది. మూడూ న్యూట్రల్‌తో కలిసి ఉండటంతో సీటీ కరెంటంతా ఆ పట్టీలోనే తిరిగింది, రిలేకు ఏమీ అందలేదు. ప్యానెల్ మీది ఆమ్మీటర్ వేరే కోర్ మీద ఉండటంతో లోడును చక్కగా చూపించింది. ఆపరేటర్ గంటగంటకూ ఆ అంకె లాగ్‌బుక్‌లో రాసుకున్నాడు. పరీక్షల పుస్తకంలో ఆ రిలే ఆరోగ్యంగా ఉంది, గోడ మీది ప్యానెల్‌లో అది గుడ్డిదై ఉంది.

తొలకరి వానలకు ఒక తీగ తెగి, దున్నుతున్న తడి పొలంలో పడింది. అంత తడి నేలలో ఎర్త్‌ఫాల్ట్ రిలే కదలడానికి చాలినంత కరెంటే పారింది. అయితే ఫీడర్ రిలేకు అది కనబడలేదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు రిలే సెట్టింగు అంతకన్నా ఎక్కువ కావడంతో అదీ కదలలేదు. నాగలి కట్టిన రెండు ఎద్దులూ అక్కడికక్కడే కూలిపోయాయి. రైతు మేడి వదిలి వెనక్కి పడిపోవడం వల్ల బతికాడు. ఒక కుర్రాడు సైకిల్ మీద సబ్‌స్టేషన్‌కు పరుగున వచ్చి చెప్పేదాకా ఆ పొలంలో తీగ సజీవంగానే ఉంది. అప్పుడు ఆపరేటర్ చేత్తో బ్రేకర్ తెరిచాడు.

కారణం కనుక్కోవడానికి మరునాడు వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ప్యానెల్ వెనుక తలుపు తెరవగానే ఆ ఇత్తడి పట్టీ కనబడింది. ఆ పెద్దాయన ఏమీ వాదించలేదు. తన పరీక్షల పుస్తకం తెరిచి, తాను రాసుకున్న అంకెలను మళ్లీ మళ్లీ చూసుకుంటూ కూర్చున్నారు. ఆ అంకెల్లో ఒక్కటీ తప్పు కాదు. రిలే బాగుందని అవి చెప్పాయి, అంతవరకే చెప్పగలవు. లైన్‌లోని కరెంటు రిలే దాకా వస్తున్నదని చెప్పే అంకె ఆ పుస్తకంలో ఒక్కటీ లేదు.

తరువాత ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. దాన్నే మా అందరికీ నేర్పారు, నేను నీకు అప్పగిస్తున్నాను. ఏదైనా షార్ట్ చేసే ముందు, ఏ లింకు తెరిచే ముందు, రిలేలో ఏ ఎలిమెంట్‌ను ఆపే ముందు, ఆ పని ఏమిటో, ఏ టెర్మినల్ దగ్గరో ముందుగా పుస్తకంలో రాయి, ఆ తరువాతే చెయ్యి వేయి. యథాస్థితికి తెచ్చిన ప్రతిదాన్నీ ఆ చోట నిలబడే కొట్టివేయి. కొట్టివేత లేని వరుస ఒక్కటి మిగిలి ఉన్నా సంతకం పెట్టవద్దు. ఎవరు ఫోన్ చేసినా, ఏ అధికారి పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నా సరే.

ప్రైమరీ ఇంజెక్షన్‌ను, అంటే లైన్ వైపు నుంచి సీటీలోంచే కరెంటు పంపడాన్ని, అన్నిటికన్నా చివర పెట్టు. చాలామంది ముందే చేసేసి, సెకండరీ పరీక్షలతో ముగిస్తారు. ఆ వరుస నాకు సమ్మతం కాదు. షార్టులన్నీ తీసి, లింకులన్నీ మూసి, ఇక ఛార్జ్ చేయడమే తరువాయి అన్న స్థితిలో సీటీ ప్రైమరీలోంచి 100 ఆంపియర్లు పంపు. 200/1 సీటీ అయితే రిలే తెర మీద ఆ ఫేజులో సెకండరీ అర ఆంపియర్, న్యూట్రల్‌లోనూ అర ఆంపియర్ కనబడాలి. తరువాత రెండు ఫేజుల ప్రైమరీలను కలిపి, ఒకదానిలోంచి వెళ్లి రెండోదానిలోంచి తిరిగి వచ్చేలా పంపితే న్యూట్రల్ దాదాపు సున్నా కావాలి. ఒక ఆంపియర్ కనబడితే ఆ రెండింటిలో ఒక సీటీ పొలారిటీ (కరెంటు దిశ) తిరగబడి ఉన్నట్టు. ఆర్-వై, వై-బీ ఫేజుల రెండు జతలకూ ఇది చెయ్యి.

ట్రిప్ ఆజ్ఞ వెళ్లే దారి కూడా అంతే ముఖ్యం. ఫాల్ట్ వచ్చినప్పుడు ఏసీ వోల్టేజీ పడిపోతుంది, బ్యాటరీ ఛార్జర్ ఆదుకోలేదు. కాబట్టి ఛార్జర్ ఏసీ స్విచ్ ఆపి, బ్యాటరీ ఒక్కదాని మీదే రిలే ద్వారా బ్రేకర్‌ను ట్రిప్ చేయించు. ట్రిప్ కాయిల్ రేటెడ్ వోల్టేజీలో 70 శాతానికి కూడా పనిచేయాలి, అది చూడకుండా వదలవద్దు. రిలే బటన్ నొక్కి ట్రిప్ చేయడం చాలదు, ఇంజెక్షన్ కరెంటుతోనే రిలేను కదిలించి బ్రేకర్ యార్డ్‌లో తెరుచుకున్నదని ఒక మనిషిని నిలబెట్టి చూడు.

నువ్వు వచ్చేశాక జరిగేదానికి కూడా ఇప్పుడే అడ్డుకట్ట వేయాలి. ఊళ్లోకి వచ్చిన ఫీడర్ చెట్ల కొమ్మలకు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే, ఎర్త్‌ఫాల్ట్ సెట్టింగు పెంచమని ఆపరేటర్లూ పైవాళ్లూ అడుగుతారు. ఒప్పుకోకు. 200/1 సీటీకి 20 శాతం సెట్టింగు అంటే 40 ఆంపియర్లు. ఎండిన ఇసుక నేల మీద తీగ పడితే పారే కరెంటు కొన్నిసార్లు అంతకన్నా ఎంతో తక్కువ ఉంటుంది, అలాంటిదాన్ని మన ఈ రిలే పట్టుకోలేదు. అది పట్టుకోగలిగినవాటిని కూడా చేజేతులా వదులుకోవడం నాకు సహించదు. కొమ్మలు నరికించమని చెప్పు. సెట్టింగుల మార్పు పాస్‌వర్డ్‌ను ప్యానెల్ తలుపు లోపల చీటీ మీద రాసి అతికించే అలవాటు చాలాచోట్ల ఉంది, నీ సబ్‌స్టేషన్‌లో అది కనబడకూడదు. ఆమోదం పొందిన సెట్టింగుల ప్రతి మాత్రం ఆ తలుపు లోపలే, తేదీతో, నీ సంతకంతో ఉండాలి.

ఫీడర్ ఛార్జ్ అయి లోడు ఎక్కగానే నువ్వు అక్కడే ఉండు. జీపు ఎదురుచూస్తున్నా ఎక్కవద్దు. రిలే తెర మీద మూడు ఫేజుల కరెంట్లూ, న్యూట్రల్ కరెంటూ, పక్కనే ప్యానెల్ మీటరు రీడింగూ రాసుకొని నాకు ఫోన్ చేసి చదివి వినిపించు. రిలే అంకెలు మీటరుతో కలవకపోతే నేను లైన్‌లోనే ఉంటాను, ఇద్దరం కలిసి వెతుకుదాం. ఎంత రాత్రయినా నాకు ఇబ్బంది లేదు.

నీ పెదనాన్న