లేహ్ వైమానిక స్థావరంలో ఎంఈఎస్ ఉద్యోగం ఎలా ఉంటుంది?

"మా తమ్ముడికి ఎంఈఎస్‌లో (సైనిక స్థావరాల కట్టడాలు, నీళ్లు, కరెంటు చూసే మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్‌లో) జూనియర్ ఇంజినీరుగా లేహ్ పోస్టింగ్ వచ్చింది, ఆ చలికి తట్టుకుంటాడా?" అని అడిగారు. తట్టుకుంటాడండీ. నాది రాజమండ్రి. సంక్రాంతి మంచు తప్ప చలి ఎరగని నేను అక్కడి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ పనుల్లో రెండు చలికాలాలు చేశాను.

విమానాశ్రయమే 10,600 అడుగులకు పైన ఉంటుంది. దిగిన రోజు ఒంట్లో బాగానే ఉందనిపిస్తుంది, నమ్మొద్దు. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఆపైన నాలుగు రోజులు మెల్లగా నడక. పై అధికారి ముందు మొహమాటపడి లేచి తిరగొద్దని చెప్పండి.

5 డిగ్రీల కంటే తగ్గితే సిమెంటు పట్టు కట్టడం మందగిస్తుంది. పచ్చి కాంక్రీటులో నీళ్లు గడ్డకడితే ఉబ్బి లోపలి నుంచే పగలగొడతాయి. అందుకే కట్టుబడి పనులన్నీ దాదాపు మే నుంచి అక్టోబరు లోపే. చలికాలమంతా నీళ్లు, వేడి, కరెంటు ఆగకుండా చూసుకోవడమే పని. గాలి పలచన కాబట్టి జనరేటర్ కూడా పూర్తి లోడు లాగదు.

ఒక జనవరి రాత్రి బ్యారక్ పైపులైను ఖాళీ చేయించాను. వంటగది వెనక మూరెడు వంపు ఒకటి మర్చిపోయాను. తెల్లారేసరికి జీఐ పైపు నిలువునా చీలి, చీలికలోంచి మంచు గాజుపెంకులా పొడుచుకొచ్చింది. ఆ పూట అంతమందికీ నీళ్లు లేవు. మా లదాఖీ ఫిట్టర్ ఒక్క మాట అనలేదు. స్పానర్‌తో పైపు పొడవునా తట్టుకుంటూ వెళ్లాడు. ఖాళీగా ఉన్నచోట ఖంగుమంది, గడ్డకట్టిన చోట మొద్దుగా మోగింది. అక్కడ గోనెసంచి చుట్టి వేడినీళ్లు పోశాడు. ఆ రోజే స్టేషన్‌లోని ప్రతి వంపూ, ప్రతి వాల్వూ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మీ తమ్ముణ్ణీ మంచు పడకముందే రాసుకోమనండి.

1948 మే 24న వైమానికదళ అధికారి మెహర్ సింగ్ గారు లేహ్‌లో మొదటిసారి డకోటా విమానం దించారు. ఆ రన్‌వే వేయించింది లదాఖ్‌కే చెందిన ఇంజినీరు సోనమ్ నోర్బు. లేహ్‌లో పెద్దాసుపత్రి ఆయన పేరు మీదే ఉంది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మనసులోనే దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ఇంకొకటి, ఎంత చలిగా ఉన్నా కిరోసిన్ బుఖారీ (గదిని వేడిచేసే పొయ్యి) వెలిగించి మాత్రం నిద్రపోవద్దనండి. ఆర్పేసి, రెండో రజాయి కప్పుకుని పడుకోమనండి.