నది ఒడ్డున మెట్లు చూసి పీఠభూమి ఎంత వేగంగా లేచిందో ఎలా చెబుతారు?

ఆ మెట్లు నది ఒకప్పుడు పారిన నేలలే. నది కొంతకాలం పక్కలకు పారుతూ ఇసుక, గులకరాళ్లు పరుస్తుంది. తర్వాత లోతుకు కోసుకుంటే పాత నేల గట్టు మీద మెట్టులా మిగిలిపోతుంది. అందుకే సాధారణంగా పై మెట్టే పాతది.

టిబెట్ పీఠభూమి ఈశాన్య అంచున, చైనాలోని లాంజౌ దగ్గర హువాంగ్ హో (పసుపు నది) గట్లు దీనికి చక్కటి ఉదాహరణ. అక్కడి మెట్ల మీద గాలి తెచ్చిన లోయస్ అనే పసుపు మట్టి దట్టంగా పేరుకుంది. దాని అడుగున నున్నటి గులకరాళ్లు ఉంటాయి. అవి ఎగువ వైపుకు వాలి, ఒకదానిపై ఒకటి ఆనుకుని ఉంటే చాలు, అక్కడ నది పారిందని నమ్మవచ్చు. పై మట్టి మెట్టు ఏర్పడ్డాకే పేరుకుంది కాబట్టి, అందులో నిలిచిన అప్పటి అయస్కాంత దిశను చూసి మెట్టుకు కనీస వయసు కడతారు. భూమి అయస్కాంత ధ్రువాలు చివరిసారి తారుమారైంది సుమారు 7.8 లక్షల ఏళ్ల క్రితం కాబట్టి, ఆ గుర్తు ఏ పొరలో ఉందో వెతుకుతారు. చిన్న వయసు మెట్లకైతే ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసిన కాలాన్ని లెక్కిస్తారు.

లెక్క తేలికే: 10 లక్షల ఏళ్ల మెట్టు నదికి 300 మీటర్ల పైన ఉంటే, కోత ఏడాదికి సగటున 0.3 మిల్లీమీటర్లు.

కానీ కోత అంటే నేల లేవడమే అనుకోకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మంచుయుగాల్లో వాతావరణం మారి నీరు, ఒండ్రు హెచ్చుతగ్గులైనా మెట్లు ఏర్పడతాయి. అందుకే ఒకే మెట్టును నది పొడవునా కిలోమీటర్ల కొద్దీ కొలుస్తారు. అది ఒకచోట ఉబ్బినా, ఫాల్ట్ (భూమి పొర పగిలి జరిగిన చోటు) దగ్గర తెగినా, నేల కదిలినట్టే.