చిన్నా, లావుపాటి తూటా అయితే సరిపోదు

చిరంజీవి చిన్నాకి పెదనాన్న దీవెనలు.

థ్యాంక్స్‌గివింగ్ అయ్యాక ఒహాయోలో జింకల వేటకు వెళ్తున్నావనీ, .45-70 రైఫిల్ కొన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగా అనిపించింది, వెంటనే గుండె దడ మొదలైంది. మన దేశంలో 1972 చట్టంతో వేట ఆగిపోయింది. నేను తప్ప ఇది నేర్పేవాళ్లు మన ఇళ్లలో లేరు, అందుకే ఇంత రాస్తున్నాను.

కోర్సు, లైసెన్సు, పర్మిట్, నారింజ రంగు జాకెట్టు సంగతి నీకు తెలుసు. రైఫిల్లో మూడుకు మించి తూటాలు నింపకు, అక్కడి రూలు అది.

నా భయమంతా తూటా దగ్గరే. నీ రైఫిల్లో వాడే .45-70 తూటా 1873లో అమెరికా సైన్యం కోసం పుట్టిన రకం. లావు అరంగుళానికి కాస్త తక్కువ. ఇంత లావుది ఎక్కడ తగిలినా జింక పడిపోతుందని నాతో వేటకు వచ్చే ఒకాయన నమ్మేవాడు. ఎలుగుబంట్లకు వాడే గట్టి సీసపు గుండు, 405 గ్రెయిన్లది (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత), తెచ్చాడు. అది విచ్చుకోలేదు. పక్కటెముకల మధ్య ఇటు దూరి అటు పోయింది. జింక పరుగెత్తింది. ఆకుల మీద నెత్తురు చుక్క లేదు. టార్చిలైట్లతో రాత్రంతా వెతికాం. పొద్దున వాగు పక్కన కనిపించింది, అప్పటికే కయోటీలు (అక్కడి చిన్న తోడేళ్ల లాంటివి) సగం తినేశాయి. ఆయన అక్కడే కూలబడి చాలాసేపు లేవలేదు. ఆ జీవి ఎంతసేపు బాధపడిందోనని నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

జింక ఒళ్లు పల్చన, నాయనా. నెమ్మదిగా పోయే ఈ తూటా అక్కడే విచ్చుకోవాలి. పెట్టె మీద ‘హార్డ్ కాస్ట్’, ‘సాలిడ్’ అని ఉంటే ముట్టుకోకు, అవి విచ్చుకోని రకాలు. బార్న్స్ కంపెనీ వాళ్ల 300 గ్రెయిన్ల రాగి తూటా తీసుకో, ముక్కు చదునుగా, గుల్లగా ఉంటుంది. ధర ఎక్కువని వెనకాడకు. సీసం విషం, జింక ఒంట్లో చిన్న చిన్న తునకలవుతుంది, గాయానికి అడుగు దూరంలోనూ దొరుకుతుంది. బరువైన తూటా తక్కువే చిట్లుతుందిలే, కానీ ఆ మాంసం తినేది మన పాప. ఆ ఒక్క మాట మీద నేను బేరమాడను.

నీది లీవర్ రైఫిలైతే మొనదేలిన గట్టి తూటాలు గొట్టంలో (తూటాలు ఒకదాని వెనక ఒకటి నింపే చోట) పెట్టావో, ఊరుకోను! వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కు, అంటే తూటా అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టే బిళ్లకు, ఆనుతుంది. తుపాకీ తన్నినప్పుడు లోపలే పేలొచ్చు. చదునైనవి, లేదా రబ్బరులాంటి మెత్తటి మొన ఉన్నవే పెట్టు.

వంద గజాలకు గురి సరిచేసుకో, ఈ ఏడాది అంతకు మించి కాల్చకు. రెండొందల గజాల్లో తూటా అడుగుకు పైనే కిందికి జారుతుంది. కొమ్ములు చూసి ఆశపడకు. పక్కకు తిరిగి నిలబడ్డాక భుజం వెనక కొట్టు. తిరగలేదా, వదిలెయ్.

చెట్టు మీద కూర్చుంటే ఒంటికి పట్టే సేఫ్టీ బెల్టు (హార్నెస్) కట్టుకో. ఖాళీ తుపాకీని తాడుతో పైకి లాక్కో. ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి ఫోన్ చెయ్యి. తెల్లవారుజాము నాలుగైనా పరవాలేదు, ఎత్తుతాను.

నీ
పెదనాన్న