ధ్యానంలో ‘నేను’ కరిగిపోయినట్టు ఎందుకు అనిపిస్తుంది?

ఒంటికి హద్దు గీసేది మెదడే కాబట్టి, ఆ పని కాసేపు మందగిస్తే ‘నేను’, ‘బయటి ప్రపంచం’ అన్న తేడా చెరిగిపోయినట్టు అనిపిస్తుంది.

‘నా ఒళ్ళు ఇంతవరకే’ అన్నది చర్మం చెప్పే విషయం అనుకుంటాం. నిజానికి అది చర్మం, కండరాలు, కీళ్ళు, కళ్ళు, లోపలి చెవి పంపే కబుర్లన్నీ కలిపి మెదడు ఎప్పటికప్పుడు వేసుకునే అంచనా. ఇందులో తల వెనుక పైభాగాన ఉండే పెరైటల్ లోబ్ అనే మెదడు భాగానిది పెద్ద పాత్ర. కళ్ళు మూసుకుని, కదలకుండా చాలాసేపు కూర్చుంటే ఆ కబుర్లు పలచబడతాయి, అంచనా సడలుతుంది. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ లాంటి మత్తు పదార్థాలదీ దాదాపు ఇదే ఫలితం, కాకపోతే దారి వేరు: మెదడు కణాల మీద సెరటోనిన్ అనే రసాయనం అంటుకునే చోట్ల (గ్రాహకాల) మీద అవి పనిచేస్తాయి.

ధ్యానమూ మందూ లేకుండానే ఇది జరిగిన సందర్భం ఉంది. 1996 డిసెంబరులో అమెరికాలో మెదడు శాస్త్రవేత్త జిల్ బోల్టీ టేలర్‌కు ఎడమవైపు మెదడులో రక్తస్రావమైంది. గోడకు ఆనించిన తన చెయ్యి ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలైందో ఆమెకు తెలియలేదు. పైగా ఆ స్థితిలో గొప్ప ప్రశాంతత కూడా కలిగిందట!

చాలామంది పొరబడేది ఇక్కడే. అనుభవం అంత గట్టిగా ఉంది కాబట్టి విశ్వమంతా ఒకటేనని రుజువైపోయిందని కొందరు, మెదడులో కారణం దొరికింది కాబట్టి అదంతా ఉత్త భ్రమేనని ఇంకొందరు అంటారు. మెదడులో ఏం జరిగిందన్న వివరణ ఈ రెండిట్లో దేన్నీ తేల్చదు.