ఎమ్మెల్యే గారి ఎఫైర్ సంగతి ఓటర్లకు తెలియొద్దా?

ప్రశ్న: మా ఎమ్మెల్యేకి, ఒక మహిళా అధికారికి సంబంధం ఉందంటూ రెండు ఫొటోలు, కొన్ని చాట్ స్క్రీన్‌షాట్లు మా వాట్సాప్ గ్రూపులోకి వచ్చాయి. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని రాసి నేనూ వేరే గ్రూపులకు పంపాను. ఎవరి పేరూ రాయలేదు. ఇప్పుడు ఆయన అనుచరుడొకరు ఫోన్ చేసి కేసు పెట్టి లోపలేయిస్తానంటున్నాడు. ఓటేసిన మాకు మా నాయకుడు ఎలాంటివాడో తెలుసుకునే హక్కు లేదా? ఆర్టీఐ కింద అడగొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి చూద్దాం. పరువు నష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. 2024 జూలైకి ముందు అది ఐపీసీ 499, 500. ఈ నేరంలో పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు చేయడానికి లేదు. పరువు పోయిందనుకున్న మనిషే మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేసుకోవాలి. అనుచరుడి పరువుకేమీ కాలేదు కాబట్టి ఆయన ఆ కేసు వేయలేడు.

అలాగని టెన్షన్ పూర్తిగా వదిలేయకండి. మీ ఉత్తరం నిండా ఎమ్మెల్యేనే ఉన్నారు. నాకు మాత్రం ఆ ఫొటోల్లో ఉన్న మహిళ గురించే ఎక్కువ ఆలోచన. ఆమె ఎన్నికల్లో నిలబడలేదు, మిమ్మల్ని ఓటు అడగలేదు. ఆ ఫొటోలు ఏకాంతంలో దొంగచాటుగా తీసినవైతే న్యాయ సంహిత 77వ సెక్షన్ తీసినవాడితో పాటు పంచినవాడికీ వర్తిస్తుంది. అశ్లీలంగా ఉంటే ఐటీ చట్టం 67, 67ఎ సెక్షన్లున్నాయి. వీటిలో పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు, 67ఎ అయితే బెయిల్ కూడా హక్కుగా రాదు. ఇద్దరూ ఏ ఫంక్షన్లోనో పక్కపక్కన నిలబడిన ఫొటోలైతే ఈ గొడవ లేదు, మిగిలేది మీరు రాసిన వాక్యం.

‘పేరు రాయలేదు’ అన్నది కోర్టులో పెద్దగా నిలవదు. చదివినవాళ్లకు ఎవరి గురించో తెలిస్తే చాలు. ఎత్తిపొడుపుగా అన్నా పరువు నష్టమే అవుతుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ‘నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే’ అన్న వాదన కూడా నమ్ముకోవద్దు. మహిళా జర్నలిస్టులపై వచ్చిన ఓ పోస్టును చదవకుండానే షేర్ చేశానన్న తమిళనాడు మాజీ ఎమ్మెల్యే, నటుడు ఎస్.వి. శేఖర్‌పై కేసులను కొట్టేయడానికి 2023లో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు.

‘అది నిజమే అయితే?’ అంటారేమో. సివిల్ దావాలో నిజమని రుజువు చేస్తే గట్టెక్కుతారు. క్రిమినల్ కేసులో నిజమైతే చాలదు, అది బయటపెట్టడం ప్రజాహితమని కూడా చూపాలి. రెండూ చూపాల్సింది మీరే. స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఎవరి ఫోన్లో పుట్టిందో తెలియని స్క్రీన్‌షాట్‌కు మీకు సర్టిఫికెట్ ఇచ్చేదెవరు?

ఇక ఓటరు హక్కు. అభ్యర్థుల క్రిమినల్ కేసులు, ఆస్తులు, చదువు వివరాలు ఓటరుకు తెలియాలని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో భార్య లేదా భర్త, ఆధారపడినవాళ్ల ఆస్తులూ రాయాలి. ప్రేమ వ్యవహారాలకు అందులో కాలమ్ లేదు. అభ్యర్థి జీవితంలో ప్రతిదీ ఓటరు ముందు పరవాల్సిన పనిలేదని, అభ్యర్థికీ గోప్యత ఉంటుందని 2024 ఏప్రిల్‌లో ఓ అరుణాచల్ ప్రదేశ్ ఎమ్మెల్యే కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వివాహేతర సంబంధమైతే 2018 నుంచి నేరమే కాదు. విడాకులకు కారణం అవుతుంది, కానీ అడగాల్సింది ఇంట్లోవాళ్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాజీ గవర్నర్ ఎన్.డి. తివారీ డీఎన్ఏ నివేదిక 2012లో ఢిల్లీ హైకోర్టులో బయటపడిందంటే, ఆయన నా తండ్రి అని కొడుకు దావా వేశాడు కాబట్టి. జనానికి కుతూహలంగా ఉందని ఏ కోర్టూ అలాంటి పరీక్ష చేయించదు.

అయితే పదవి ఈ వ్యవహారంలోకి వచ్చిందంటే లెక్క మారిపోతుంది. అధికార విధులకు సంబంధించిన నడవడి విషయంలో నాయకులు గోప్యత చాటున దాక్కోలేరని 1994లో రాజగోపాల్ కేసులో జస్టిస్ జీవన్ రెడ్డి తీర్పు రాశారు. ఆ అధికారిని సీనియారిటీ పక్కనపెట్టి కోరుకున్న సీటులో కూర్చోబెట్టారా? ఆమె బంధువులకు కాంట్రాక్టులు వెళ్లాయా? సర్కారు బండి, సర్కారు డబ్బు సొంత షికార్లకు వాడారా? లేదా అసలిది సంబంధమే కాక, పై అధికారం చూపి ఆమెను వేధించడమా? ఇవి అడగండి, గట్టిగా అడగండి. అప్పుడు కూడా ఆమె పడకగది మీకు అక్కర్లేదు, ఫైలు చాలు.

ఆర్టీఐ కూడా అంతే. ‘ఫలానా వారిద్దరికీ సంబంధం ఉందా’ అని దరఖాస్తు పెడితే వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె) సెక్షన్ చూపి తిప్పి పంపుతారు. బదిలీ ఉత్తర్వు కాపీ, టెండరు ఫైలు, వాహనం లాగ్‌బుక్ అడిగితే మీకో దారి ఉంటుంది.

ఎన్నికలప్పుడు మరీ జాగ్రత్త. అభ్యర్థి వ్యక్తిగత నడవడిపై అబద్ధమని తెలిసీ ప్రచారం చేస్తే సంహిత 175వ సెక్షన్ కింద జరిమానా పడుతుంది. ప్రత్యర్థి అభ్యర్థి సమ్మతితో చేశారని తేలితే ఆయన ఎన్నికే రద్దు కావచ్చు.

మీరిప్పుడు చేయాల్సింది: గ్రూపుల్లో ఆ పోస్టును అందరికీ డిలీట్ అయ్యేలా తీసేయండి, మళ్లీ ఎవరికీ పంపకండి. మీకు పంపిందెవరో చూపే మెసేజ్ మాత్రం మీ ఫోన్లో ఉంచండి. అనుచరుడితో వాదనకు దిగొద్దు, ‘తప్పయింది’ అని రాతపూర్వకంగానూ ఇవ్వొద్దు. కేసు పెడతాననడం ఆయన ఇష్టం. కొడతాను, చంపుతాను అంటే అది న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం, కాల్ వివరాలు రాసిపెట్టుకోండి. లాయర్ నోటీసు వస్తే గడువులోగా మీ లాయరు ద్వారానే జవాబివ్వండి. పరిహారం దావాకు ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు గడువు ఉంటుంది, కాబట్టి నెలా రెణ్నెల్లు ఎవరూ కదలకపోయినా ఆ మెసేజ్‌ను చెరిపేయకండి.